వియా పరీక్ష సరిగ్గా చేయడం ఎలా: పీహెచ్‌సీ నర్సులు, డాక్టర్ల కోసం

వియా అంటే గర్భాశయ ముఖద్వారానికి, అంటే సర్విక్స్‌కు, పలచటి అసిటిక్ ఆసిడ్ అద్ది, తెల్లబడిన మచ్చల్ని కంటితో చూసి క్యాన్సర్‌కు ముందు మార్పుల్ని పట్టే పరీక్ష. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు ఒకే ఒక్క విడత వియా పరీక్ష చేసి, తేడా కనిపించిన వాళ్లకు చికిత్స అందించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్టు 2007లో తేలింది. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చొప్పున నాలుగు విడతలు చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో మాత్రం ఒక విడత వియా వల్ల మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. అక్కడే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే పరీక్ష) చేసిన వర్గంలో మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి.

వియాకు వాడేది మూడుచోట్లా వెనిగర్ లాంటి ఆసిడే. ఖర్చు లేని పరీక్ష, ఫలితం ఒక నిమిషంలో కళ్లముందే ఉంటుంది. కానీ దాని విలువంతా రెండింటి మీద నిలబడి ఉంది: చూసే కన్ను ఎంత సాధన చేసింది, మచ్చ కనిపించిన మనిషికి చికిత్స ఎంత త్వరగా అందింది. ఆ రెండిట్లో ఏది జారినా మిగిలేది క్యాంపు ఫొటోలే. ఇక్కడ రాసింది శిక్షణ తీసుకున్న స్టాఫ్ నర్సులు, ఎంఎల్‌హెచ్‌పీలు (ఉపకేంద్రాల్లో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), మెడికల్ ఆఫీసర్లు పక్కన పెట్టుకుని చూసుకోవడానికి. దీన్ని చదివి నేరుగా పరీక్షకు దిగడానికి కాదు.

ఎవరికి చేయాలి, ఎవరికి వద్దు

మన దేశంలో 2016 మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి వియా చేయాలి. కాగితం మీద 65 అని ఉన్నా, వియాకు అసలైన వయసు 30 నుంచి 49. ముట్టు ఆగిపోయాక క్యాన్సర్ మొదలయ్యే చోటు, అంటే గులాబీ రంగు పైపొర, ఎర్రటి లోపలి పొర కలిసే గీత, మెల్లగా సర్విక్స్ కాలువలోకి వెళ్లిపోతుంది. అప్పుడు ఆసిడ్ పూసినా కనబడేదేమీ ఉండదు. కనబడని చోటును చూసి 'నెగెటివ్' అని రాయడం తప్పు. యాభై దాటిన వాళ్లకు వీలైతే హెచ్‌పీవీ పరీక్ష, అది లేకపోతే పాప్ స్మియర్ (సర్విక్స్ నుంచి కణాలు గీరి మైక్రోస్కోపులో చూసే పరీక్ష). హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు 25 ఏళ్లకే మొదలుపెట్టి మూడేళ్లకోసారి చూడాలి. వాళ్లలో మార్పులు వేగంగా ముదురుతాయి.

ముట్టు రోజుల్లో వద్దు, రక్తం వల్ల ఏమీ కనబడదు. గర్భిణులకు కాన్పు అయ్యాక పన్నెండు వారాలు దాటనివ్వండి. దుర్వాసనతో చీములాంటి తెల్లబట్ట ఉంటే ముందు దానికి మందులిచ్చి, రెండు మూడు వారాలకు మళ్లీ పిలవండి. అయితే సర్విక్స్‌ను ఒక్కసారైనా చూడకుండా మందులిచ్చి పంపొద్దు. కుళ్లిన గడ్డ నుంచి వచ్చే వాసన కూడా అలాగే ఉంటుంది.

గర్భసంచి తీయించుకున్నారా అని తప్పనిసరిగా అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ అయిన స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయి. ఆపరేషన్‌లో సర్విక్స్ కూడా తీసేసి ఉంటే వియాతో పని లేదు. కొందరికి పైభాగం తీసి సర్విక్స్‌ను ఉంచేస్తారు, వాళ్లకు పరీక్ష అవసరమే. డిశ్చార్జి కాగితం చాలామంది దగ్గర ఉండదు, కాబట్టి స్పెక్యులమ్ వేసి చూసి తేల్చుకోవడమే మార్గం.

ముందురోజు పని

క్యాంపుకు బుధవారం, శనివారం పెట్టుకోవద్దు. ఏఎన్ఎంలు, ఆశాలు టీకాల పనిలో ఉంటారు. నాట్లు పడే రోజుల్లో, మిర్చి కోతల కాలంలో కూలికి వెళ్లే ఆడవాళ్లు రారు. వచ్చేది పరీక్ష అవసరం తక్కువగా ఉన్నవాళ్లే. ఒక బల్ల, ఒక నర్సు ఉంటే రోజుకు పాతిక, ముప్పై మంది. అంతకు మించి పిలిస్తే ఆ ఒక్క నిమిషం నిరీక్షణ పది సెకన్లకు కుదించుకుపోతుంది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పడుకోబెట్టే బల్ల, తెర, తలుపుకు గడియ. కస్కో స్పెక్యులమ్‌లు పదిహేను, వాటిలో మీడియమ్ సైజువి ఎక్కువ, చిన్నవీ పెద్దవీ కొన్ని. స్పంజ్ హోల్డర్, కిడ్నీ ట్రే, దూది ఉండలు, సెలైన్, గ్లౌజులు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం. అన్నిటికంటే ముఖ్యమైనది తెల్లటి వెలుతురు. పసుపు బల్బు కింద తెల్లమచ్చ, గులాబీ పొర ఒకేలా కనిపిస్తాయి. హాలోజన్ లైటు గానీ మంచి ఎల్‌ఈడీ టార్చి గానీ ఉండాలి, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. సెల్‌ఫోన్ లైటుతో సరిపెట్టుకోవద్దు.

5 శాతం అసిటిక్ ఆసిడ్‌ను ఏ రోజుకారోజు ఉదయాన కలపాలి. 95 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 5 మి.లీ. గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్. ముప్పై మందికి 200 మి.లీ. చాలు, అంటే 190 మి.లీ. నీళ్లు, 10 మి.లీ. ఆసిడ్. ముందు నీళ్లు పోసి, అందులోకి ఆసిడ్ వంచాలి. కొలత సిరంజితోనో గాజు కొలజాడీతోనో తీయండి, మూతలతో వద్దు. చిక్కటి ఆసిడ్‌ను నేరుగా పూస్తే లోపల కాలి బొబ్బలెక్కుతుంది. అందుకే గ్లేషియల్ సీసాను కలిపిన వెంటనే పరీక్ష గదిలోంచి తీసేసి బీరువాలో తాళం వేయాలి. బల్ల మీద ఉండాల్సింది కలిపిన సీసా ఒక్కటే, దాని మీద శాతం, తేదీ రాసి ఉండాలి. సాయంత్రానికి మిగిలింది పారబోయండి. బజారులో దొరికే వెనిగర్ 4 శాతం పైన ఉన్నట్టు లేబుల్ మీద ఉంటే అవసరానికి పనికొస్తుంది, లేబుల్ లేనిది వద్దు.

పాడేరు, అరకు వైపు పనిచేసేవాళ్లకు ఒక మాట. గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ 16, 17 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం పొద్దున సీసాలో మంచుగడ్డలా కనిపిస్తే అది పాడైపోయినట్టు కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, పూర్తిగా కరిగాక కొలవండి. సగం కరిగినప్పుడు పైన తేలిన ద్రవాన్ని తీస్తే పాళ్లు తప్పుతాయి.

పనిముట్ల శుద్ధికి 0.5 శాతం క్లోరిన్ నీళ్లు: 30 నుంచి 35 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరుకు 15 గ్రాములు. వాడిన స్పెక్యులమ్‌ను ఇందులో పది నిమిషాలు ముంచి, సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి తోమి, ఆ తర్వాత ఆటోక్లేవ్ చేయాలి. కరెంటు లేకపోతే నీళ్లు తెర్లడం మొదలైన దగ్గర్నుంచి ఇరవై నిమిషాలు ఉడికించాలి. క్లోరిన్‌లో గంటల తరబడి వదిలేస్తే స్టీలు తుప్పుపట్టి, మరమేకు బిగుసుకుపోతుంది. బిగుసుకున్న స్పెక్యులమ్ తెరవబోయి ఆమెను నొప్పించేది అప్పుడే.

పరీక్ష

బల్ల ఎక్కకముందే మాట్లాడటం పూర్తి కావాలి. ఏం చేస్తారో, ఎంతసేపు పడుతుందో, మచ్చ కనిపిస్తే ఏం చేస్తారో చెప్పి ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. మూత్రం పోసుకుని రమ్మనండి. "అమ్మా, వెనిగర్ లాంటి మందు పూస్తాను, కాస్త చురుక్కుమంటుంది, నిమిషంలో తగ్గిపోతుంది" అంటే చాలు. గదిలో డాక్టరు తప్ప మగ సిబ్బంది ఉండకూడదు. డాక్టరు మగవారైతే నర్సు పక్కనే ఉండాలి.

స్పెక్యులమ్‌ను గోరువెచ్చని నీళ్లతో తడపండి. జెల్లీ వాడితే సర్విక్స్ మీద పొరలా పేరుకుని ఆసిడ్‌ను అడ్డుకుంటుంది. సర్విక్స్ మొత్తం, నాలుగు వైపులా కనబడేదాకా సర్ది మరమేకు బిగించండి. కాన్పులు ఎక్కువైన వాళ్లలో పక్క గోడలు లోపలికి వాలి చూపుకు అడ్డమొస్తాయి. స్పెక్యులమ్ రెక్కలకు కండోమ్ తొడిగి దాని కొన కత్తిరిస్తే ఆ గోడలు ఆగుతాయి. సర్విక్స్ వెనక్కి తిరిగి ఉంటే నడుము కింద పిడికిళ్లు పెట్టుకోమనండి, చాలాసార్లు కనబడుతుంది.

ఆసిడ్ పూయకముందు ఒకసారి తేరిపార చూడాలి. సెలైన్ తడిపిన దూదితో జిగురు తుడిచి, రంగు ఎలా ఉంది, పుండు ఉందా, గడ్డ ఉందా, ముట్టుకుంటే రక్తం కారుతోందా చూడండి. కాలీఫ్లవర్‌లా గడ్డ ఉండి తాకితే నెత్తురొస్తుంటే అక్కడితో ఆపేయాలి. అది ఇక వియా కేసు కాదు, బయాప్సీకి పంపాల్సిన కేసు. హెచ్‌పీవీ నమూనా తీసే ఏర్పాటు ఉంటే అదీ ఇప్పుడే తీయాలి, ఆసిడ్ పూశాక కాదు.

తర్వాత రెండు పొరలు కలిసే గీతను వెతకండి. గడియారం ముల్లు తిరిగినట్టు పన్నెండు గంటల చోటు నుంచి మళ్లీ పన్నెండు దాకా గీత మొత్తం కనబడుతోందా? కనబడకపోతే ఆ సంగతి రిజిస్టర్‌లో రాయాలి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. గీత ఎక్కడుందో తెలియకుండా ఆసిడ్ పూసేస్తే తర్వాత కనబడే తెలుపును దేనితో పోల్చాలో తెలియదు.

దూది ఉండను ఆసిడ్‌లో నిండా ముంచి సర్విక్స్‌కు అద్దండి, రుద్దకండి. రుద్దితే రక్తం వస్తుంది, రక్తం వస్తే తెలుపు కడిగేసినట్టు పోతుంది. దూదిని అలాగే ఆనించి గడియారం చూసి పూర్తిగా ఒక నిమిషం. ఆసిడ్ కణాల కేంద్రకాల్లోని ప్రొటీన్లను తాత్కాలికంగా గడ్డకట్టిస్తుంది. క్యాన్సర్‌కు ముందు దశలో ఉన్న కణాల్లో కేంద్రకం పెద్దది కాబట్టి అవి దట్టంగా తెల్లబడతాయి. ఇదంతా జరగడానికి సమయం పడుతుంది. ఇరవై సెకన్లకే దూది తీసేస్తే మచ్చ ఇంకా పూర్తిగా పైకి తేలకపోవచ్చు.

మచ్చను చదవడం

అసలు విద్య ఇదే. ఆసిడ్ పూసిన సర్విక్స్ మీద ఏదో ఒక తెలుపు చాలామందిలో కనబడుతుంది, అందులో చాలామటుకు ఏమీ కాదు.

పాజిటివ్ అనడానికి మూడు లక్షణాలు కలిసి ఉండాలి. మచ్చ దట్టంగా, వెనకున్న పొర కనబడనంత తెల్లగా ఉండాలి. అంచు గీసినట్టు స్పష్టంగా తెలియాలి. అది ఆ గీతను తాకుతూ ఉండాలి, గీత కనబడనప్పుడు సర్విక్స్ నోటికి దగ్గరగా ఉండాలి. ఇలాంటి మచ్చ మూడు నాలుగు నిమిషాలైనా నిలుస్తుంది. మచ్చ ఎంత దట్టమైతే, అంచు ఎంత లావైతే, ఎంతసేపు నిలిస్తే అనుమానం అంత గట్టిది.

కొత్తగా ఎదుగుతున్న మామూలు పొర కూడా తెల్లబడుతుంది. అది పలచగా, పాలు ఒలికి ఆరినట్టు, అంచు తెలియకుండా ఉండి అర నిమిషం, నిమిషంలో మాయమవుతుంది. గీత వెంబడి సన్నటి దారంలా తెలుపు, అక్కడక్కడా చుక్కలు, బొత్తాం లాంటి గుండ్రటి నాబోతియన్ తిత్తులు, గీతకు దూరంగా దీవుల్లా విడివిడిగా ఉన్న మచ్చలు, ఇవన్నీ నెగెటివే. తేల్చుకోలేకపోతే మళ్లీ ఆసిడ్ అద్ది ఇంకో నిమిషం ఆగండి. అప్పటికీ తేలకపోతే 'అనుమానం' అని రాసి కాల్పోస్కోపీకి (సర్విక్స్‌ను పరికరంతో పెద్దగా చేసి చూసే పరీక్షకు) పంపండి. నెగెటివ్ అని రాసేసి ఐదేళ్ల తర్వాత రమ్మనడం కంటే అది నయం.

సర్విక్స్ నోటి చుట్టూ ఎర్రగా ఉంటే "గర్భసంచికి పుండు పడింది" అని చెప్పడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. చాలాసార్లు అది పుండే కాదు. లోపలి ఎర్రపొర బయటికి తిరిగి ఉండటం, అంతే. ముట్టు వచ్చే వయసులో అది మామూలు. ఆ ఒక్క మాట భయపెట్టి చాలామందిని ఆపరేషన్ బల్ల మీదికి చేర్చింది. వియా పాజిటివ్ చీటీ కూడా అదే దారి పట్టకుండా చూసుకోవాల్సిన పని చీటీ రాసినవాళ్లదే. తెల్లమచ్చకు గర్భసంచి తీయించుకోనక్కర్లేదు. మచ్చ ఉన్నచోటికి మాత్రమే వైద్యం చాలు. పైగా లోపల క్యాన్సర్ ఉండి, అది తెలియకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేస్తే, ఆ తర్వాత ఇవ్వాల్సిన సరైన చికిత్స చిక్కుల్లో పడుతుంది. అందుకని చీటీ మీద 'వియా పాజిటివ్, క్యాన్సర్ నిర్ధారణ కాలేదు, గర్భసంచి తీయాల్సిన అవసరం లేదు' అని తెలుగులోనే రాయండి. ఎవరికి చూపించినా అర్థమవుతుంది.

చూసిందాన్ని గీయాలి. ఒక వృత్తం, మధ్యలో నోరు, గీత, మచ్చ ఎన్ని గంటల చోటు నుంచి ఎన్ని గంటల దాకా ఉందో. ఆమె ఒప్పుకుంటే, మొహం గానీ పేరు గానీ రాకుండా, ఆసిడ్‌కు ముందొకటి, నిమిషం తర్వాతొకటి ఫొటో తీసి మెడికల్ కాలేజీ గైనకాలజిస్టుకు చూపించి తప్పులు దిద్దించుకోవచ్చు. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు.

మీ లెక్కలు మీరే చూసుకోండి. తొలిసారి వచ్చిన 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో నూటికి 5 నుంచి 10 మంది దాకా పాజిటివ్ రావచ్చు. ఇరవై దాటుతుంటే లేత తెలుపును కూడా మచ్చగా లెక్కపెడుతున్నారు. రెండు వందల మందిని చూసినా ఒక్కరూ రాలేదంటే లైటో, ఆసిడో, గడియారమో, కన్నో, ఎక్కడో తేడా ఉంది.

అదే రోజు చికిత్స

దిండిగల్‌లో నర్సులు వీలైనంతవరకు అదే విడతలో క్రయోథెరపీ చేశారు. క్రయోకు గ్యాసు సిలిండర్లు కావాలి. మూడు నిమిషాలు గడ్డకట్టించి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ మూడు నిమిషాలు చేయాలి. సిలిండర్ మారుమూలకు చేరదు, చేరినా సగంలో ఖాళీ అవుతుంది. ఇప్పుడు దాని బదులు బ్యాటరీతో నడిచే థర్మల్ అబ్లేషన్ పరికరాలు వచ్చాయి. కొన ఒకటి 100 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు వేడెక్కి పై పొరను కాలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది కనీసం 100 డిగ్రీలు, 20 నుంచి 30 సెకన్లు. మత్తు అక్కర్లేదు.

ఎవరికి చేయొచ్చో నిర్ణయించడమే దీనిలో కష్టమైన భాగం. గీత మొత్తం కనబడాలి. మచ్చ మొత్తం కనబడాలి, కాలువలోకి పాకి ఉండకూడదు. కొన పెట్టినప్పుడు మచ్చ అంతా దాని కింద ఇమిడిపోవాలి, లేదా రెండు మూడుసార్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెడితే కప్పేయగలగాలి. క్యాన్సర్ అనుమానం లేశమైనా ఉండకూడదు. గర్భం ఉండకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా కాల్చవద్దు, లీప్ (కరెంటుతో వేడెక్కే తీగ ఉచ్చుతో మచ్చ ఉన్న భాగాన్ని కోసి తీయడం) చేసే చోటికి పంపండి. క్యాన్సర్ మీద పొరను కాలిస్తే పైన మానిపోయినట్టు కనిపిస్తుంది, లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత పట్టుకునేసరికి ఆలస్యమైపోతుంది.

చేసేటప్పుడు:

1. బ్యాటరీ నిండుగా ఉందో చూడండి. సగం పనిలో ఆగిపోయిన పరికరం కాలీ కాలని పొరను వదిలేస్తుంది.
2. మళ్లీ ఆసిడ్ అద్ది మచ్చ హద్దులు ఖాయం చేసుకోండి.
3. పక్క గోడలు కొనకు తగలకుండా కండోమ్ తొడిగిన స్పెక్యులమ్ వాడండి. సర్విక్స్‌కు నొప్పి తక్కువ, యోని గోడకు తగిలితే ఎగిరిపడతారు. కాపర్-టీ దారం ఉంటే కాలువలోకి నెట్టి పెట్టండి.
4. కొనను గట్టిగా, సూటిగా ఆనించి, నోరు కొన మధ్యలోకి వచ్చేలా పట్టి, వేడెక్కాక సమయం లెక్కించండి. వంకరగా పెడితే ఒక పక్క కాలకుండా మిగిలిపోతుంది.
5. తీసి చూడండి. మచ్చ అంతా పాలిపోయిన తెలుపుగా మారాలి. మిగిలిన చోటు ఉంటే కాస్త ఆగి మళ్లీ పెట్టండి, రెండోది మొదటిదాని మీద కొంత రావాలి.
6. కొన చల్లారాక ఆల్కహాల్‌తో తుడిచి, కంపెనీ చెప్పిన పద్ధతిలో శుద్ధి చేయండి. అన్ని కొనలూ ఆటోక్లేవ్‌కు ఆగవు.

ముట్టునొప్పి లాంటి నొప్పి వస్తుంది. కొందరికి కళ్లు తిరుగుతాయి, కాబట్టి వెంటనే లేపకుండా పావుగంట పడుకోబెట్టండి. ఇంటికి పంపేముందు చెప్పాల్సింది: రెండు నుంచి నాలుగు వారాలు నీళ్లలా తెల్లబట్ట పోతుంది, గాయం మానుతోందని అర్థం. నాలుగు వారాలు భర్తతో కలవకూడదు. ఆమెకు చెప్పి ఊరుకుంటే చాలదు, ఆమె ఒప్పుకుంటే భర్తకూ చెప్పండి. అది కుదరని ఇల్లయితే కండోమ్‌లు ఇచ్చి పంపండి. జ్వరం, చీములాంటి దుర్వాసన, ముట్టు కంటే ఎక్కువ రక్తం, తగ్గని కడుపునొప్పి ఉంటే ఆ రోజే రావాలి.

హెచ్‌పీవీ పరీక్ష దొరికే చోట

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి ముందు హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షనే వాడమంటోంది. కారణం ఉస్మానాబాద్ లెక్కల్లోనే ఉంది. పరీక్షలో నెగెటివ్ వచ్చిన స్త్రీలలో తర్వాతి సంవత్సరాల్లో క్యాన్సర్ ఎంతమందికి వచ్చిందని చూస్తే, హెచ్‌పీవీ వర్గంలో లక్షకు 3.7, పాప్ స్మియర్‌లో 15.5, వియాలో 16. నెగెటివ్ అన్న మాటకు ఇంత భరోసా ఉంటే ఐదు నుంచి పదేళ్ల దాకా మళ్లీ పిలవనక్కర్లేదు.

దీని ఇంకో సుగుణం నమూనా ఆమె తనే తీసుకోవచ్చు. చేతులు కడుక్కుని, బ్రష్షు కొనను ముట్టకుండా పిడి దగ్గర పట్టుకుని, యోనిలోకి అడ్డు తగిలేదాకా పోనిచ్చి, నాలుగైదుసార్లు ఒకే వైపు తిప్పి, బయటికి తీసి గొట్టంలో పెట్టి మూత బిగించాలి. బొమ్మలతో చూపించి తెర వెనక వదిలేస్తే చాలామంది చక్కగా తీస్తారు. గొట్టం మీద పేరు, నంబరు ఆమె లోపలికి వెళ్లకముందే అంటించాలి, తర్వాత అంటిస్తే తారుమారవుతాయి.

పాజిటివ్ వచ్చినవాళ్లను వియాతో చూసి, పైన చెప్పిన లెక్కలోనే చికిత్స నిర్ణయిస్తారు. ఇక్కడ మాట జాగ్రత్త. హెచ్‌పీవీ లైంగికంగా సోకేదని తెలియగానే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. కాపురం చేసినవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకి దానంతటదే పోతుందని, కొందరిలో ఏళ్లతరబడి కనబడకుండా ఉండి బయటపడుతుందని, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదని వివరించండి. ఫలితం ఆమెకే చెప్పాలి. రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబరు సాధారణంగా భర్తది. దానికి ఫోన్ చేసి 'పాజిటివ్' అనొద్దు, 'ఆస్పత్రికి ఒకసారి రమ్మన్నారని చెప్పండి' అంటే చాలు.

టీకా గురించి అడిగే తల్లులు ఎలాగూ ఉంటారు. 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు ఇస్తే ఎక్కువ ఫలితం. ఉన్న ఇన్ఫెక్షన్‌ను అది తగ్గించదు కాబట్టి పాజిటివ్ వచ్చిన తల్లికి మందులా పనిచేయదు. మన దేశంలో 2009లో మొదలైన అధ్యయనం 2010లో ప్రభుత్వం టీకాలు ఆపేయడంతో మధ్యలోనే నిలిచింది. దానివల్ల ఒక్క డోసుతోనే మిగిలిపోయిన అమ్మాయిల్లో కూడా హెచ్‌పీవీ 16, 18 రకాల దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ నుంచి 95 శాతం రక్షణ కనబడింది. అప్పట్లో ఆపడానికి కారణమైన వివాదం ఖమ్మం జిల్లాలో జరిగిన మరో టీకా ప్రాజెక్టుది. అందులో టీకా వేసుకున్న కొందరు అమ్మాయిల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చినా, హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారన్నది అందరికీ గుర్తుండిపోయింది. హాస్టళ్లలో టీకా వేసే పని మీ మీద పడితే సంతకం తల్లిదో తండ్రిదో అయి ఉండాలి, విషయం వాళ్ల భాషలో చెప్పాకే తీసుకోవాలి. టీకా వేసుకున్న అమ్మాయి కూడా ముప్పై ఏళ్లకు పరీక్షకు రావాలి.

పైకి పంపాల్సి వస్తే

క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్లను చీటీ ఇచ్చి పంపితే సగం దారిలోనే ఆగిపోతారు. ఏ ఆస్పత్రి, ఏ ఓపీ, ఏ రోజు, ఎవరిని కలవాలి, ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు వెంట ఉన్నాయా, తోడు ఎవరొస్తారు, ఇవన్నీ అక్కడికక్కడే తేల్చాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆస్పత్రి ఇలాంటి కేసులకు అలవాటైన చోట్లు.

చికిత్స ఎలా ఉంటుందో కుటుంబానికి ముందే తెలిస్తే మధ్యలో మానేయరు. బాగా తొలిదశలో ఆపరేషన్. కొంచెం ముదిరితే రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. టాటా మెమోరియల్ ఆస్పత్రిలో మూడో దశ వాళ్లు 850 మంది మీద జరిగిన ప్రయోగంలో రేడియేషన్ మాత్రమే తీసుకున్నవాళ్లలో ఐదేళ్లకు 46 శాతం బతికుంటే, సిస్‌ప్లాటిన్ కలిపినవాళ్లలో 54 శాతం. 2024లో వెలువడిన ఇంటర్‌లేస్ అనే ప్రయోగం ఫలితాల్లో రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఇస్తే ఐదేళ్లు బతికినవాళ్లు 72 నుంచి 80 శాతానికి పెరిగారు. ఇవి ఆంకాలజిస్టులు తేల్చుకునే సంగతులు. పీహెచ్‌సీ నుంచి చేయగలిగినవి రెండు. మొదటిది, మొత్తం రేడియేషన్ ఎనిమిది వారాల్లో ముగియాలని, పండక్కో పంటకో మధ్యలో ఇంటికొచ్చేస్తే ఫలితం దెబ్బతింటుందని చెప్పడం. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్‌తో రక్తస్రావం ఆగిపోగానే తగ్గిపోయిందనుకుని లోపల పెట్టే బ్రేకీథెరపీకి వెళ్లని వాళ్లు ఉంటారు, ఆ చివరి మెట్టు లేకుండా చికిత్స పూర్తి కానట్టే. రెండోది, రక్తహీనత. హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ ఉంటే రేడియేషన్ సరిగా పనిచేయదు. వాళ్లు వెళ్లేలోగానే పరీక్ష చేసి, అవసరమైతే రక్తం ఎక్కించే ఏర్పాటు చూడండి.

అదే బల్ల మీద రొమ్ములు కూడా చేతితో పరీక్షించండి, ఐదు నిమిషాల పని. ముంబయిలో ఇరవై ఏళ్లు సాగిన ప్రయోగంలో రెండేళ్లకోసారి ఇలా చూడటం వల్ల యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ముట్టు ఆగిన తర్వాత చుక్క రక్తం కనిపించినా గర్భసంచి లోపలి పొర పరీక్షకు పంపాలి. అండాశయ క్యాన్సర్‌కు లక్షణాలు లేనివాళ్లలో వెతకడానికి పనికొచ్చే పరీక్ష ఇంకా లేదు. బ్రిటన్‌లో పెద్ద ప్రయోగం చేసినా సీఏ-125 రక్తపరీక్షతోగానీ స్కానింగ్‌తోగానీ మరణాలు తగ్గలేదు. కాబట్టి ప్యాకేజీల పేరుతో చేసే ఆ పరీక్షలకు మీ దగ్గరికొచ్చే వాళ్లను పంపొద్దు.

రిజిస్టర్

ఎంతమందిని చూశారన్నది పైవాళ్లు అడిగే లెక్క. మీరు మాత్రం పాజిటివ్ వాళ్లకు వేరే పుస్తకం పెట్టుకోండి. పేరు, ఊరు, ఆశా పేరు, మచ్చ బొమ్మ, చికిత్స తేదీ, పంపిన చోటు, అక్కడికి చేరారా లేదా, బయాప్సీ ఫలితం, పన్నెండో నెల తేదీ. అదే రోజు కాల్చని ప్రతి పేరుకూ ఎదురుగా ఒక ఖాళీ గడి ఉంటుంది, నెలకోసారి ఆశాతో కూర్చుని ఆ గడులు నింపాలి.

థర్మల్ అబ్లేషన్ అయినవాళ్లను పన్నెండు నెలలకు పిలిచి మళ్లీ పరీక్షించాలి, హెచ్‌పీవీ ఉంటే దానితోనే. నెగెటివ్ అయితే మామూలు వరుసలోకి వెళ్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వరసగా రెండేళ్లు నెగెటివ్ రావాలి. అప్పటికీ తెల్లమచ్చ ఉంటే మళ్లీ కాల్చి చూద్దామనుకోకుండా కాల్పోస్కోపీకి, అవసరమైతే లీప్‌కు పంపండి. మొదటిసారి కాలువలోకి పాకిన భాగం కంటికి కనబడి ఉండకపోవచ్చు.